ఆనీ డిఫ్రాంకో: కంపెనీ గడప తొక్కకుండా 30 ఏళ్లకు పైగా ఎలా నెట్టుకొచ్చింది?

తీగలమోత

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదివి వెళ్లిపోవడమే తప్ప రాసింది లేదు. ఇవాళ రాయక తప్పట్లేదు.

నేను పాటలు రాసుకుని గిటార్ మీద పాడుకుంటాను. ఈ మధ్య ఒక మ్యూజిక్ కంపెనీ (పేరు చెప్పను) అయిదు పాటలకి ఒప్పందం పంపించింది. 14 పేజీలు. "శాశ్వతంగా", "సమస్త హక్కులూ", "ప్రపంచమంతటా" అన్న మాటలు ఎన్నిసార్లు వచ్చాయో నాలుగో పేజీ దగ్గర లెక్కపెట్టడం మానేశాను. సంతకం పెట్టనా వద్దా అని టెన్షన్. అసలు కంపెనీ లేకుండా బతికిన గాయకులు ఎవరైనా ఉన్నారా అని వెతుకుతుంటే అని డిఫ్రాంకో పేరు తగిలింది.

1970లో అమెరికాలోని బఫెలోలో పుట్టిందట. మొదటి ఆల్బమ్ 1990లో. అప్పటి నుంచి 20కి పైగా ఆల్బమ్‌లు, అన్నీ తన సొంత లేబుల్ (రికార్డు కంపెనీ) మీదే. పెద్ద కంపెనీలు పిలిచినా వెళ్లలేదంటున్నారు. ఇంటర్నెట్ లేని రోజుల్లో ఇది ఎలా కుదిరింది? తెలిసినవాళ్లు చెప్పండి. "కలలను వెంటాడండి" లాంటి కబుర్లు వద్దు. రోజు ఎలా గడిచిందో కావాలి.

---

నీలిమేఘం

ముందు ఒక్క మాట. మీరు "అని" అని రాస్తే, ఎవరో ఏదో "అని" అన్నట్టుంది తప్ప మనిషి పేరులా లేదు :) ఆవిడ పేరు పలకడం కూడా "ఆనీ"నే. దీర్ఘాలు తగిలించండి, చదివేవాళ్లు బతికిపోతారు.

ఇక అసలు సంగతి. చాలామంది ఆవిడ కథని 1990 నుంచి మొదలుపెడతారు. నన్నడిగితే తొమ్మిదో ఏట మొదలైంది. ఆ వయసులో గిటార్ పట్టింది. మైకేల్ మెల్డ్రమ్ అని బఫెలోలోనే పాటలు కట్టి పాడే ఆయన ఆవిడకి గురువు. పిల్లని కూర్చోబెట్టి పాఠం చెప్పడంతో సరిపెట్టకుండా, తను పాడే చోట్లకి వెంట తీసుకెళ్లేవాడు. అంటే మనం సరళీ స్వరాలు దిద్దుకునే వయసులో ఆవిడ బార్లలో జనం ముందు బీటిల్స్ పాటలు వాయిస్తోంది. 14 ఏళ్లకి సొంత పాటలు రాసేసింది.

అమ్మానాన్నలు విడిపోయారు. 15 ఏళ్లప్పుడు వాళ్లమ్మ కనెటికట్ వెళ్లిపోతుంటే ఈవిడ వెళ్లనంది. మైనర్ అయినా తన మంచిచెడ్డలు తనే చూసుకోగలదని చట్టప్రకారం గుర్తింపు తెచ్చుకుని బఫెలోలోనే ఉండిపోయింది. 16కి హైస్కూల్ అయిపోయింది. ఆ తర్వాత న్యూయార్క్ నగరం వెళ్లి న్యూ స్కూల్ అనే విశ్వవిద్యాలయంలో కవిత్వం తరగతుల్లో కూర్చుంది. అక్కడ సెకూ సుందియాటా అనే నల్లజాతి కవి ఆవిడకి పాఠం చెప్పాడు. మాటని నోటితో ఎలా విసరాలో ఆ క్లాసులో అబ్బిందని నాకనిపిస్తుంది. ఆవిడ పాడేటప్పుడు సగం మాటలు పాటలా ఉండవు, ఎదురుగా నిలబడి నిలదీసినట్టు ఉంటాయి.

15 ఏళ్లకే అద్దె కట్టుకున్న మనిషిని 20 ఏళ్లకి ఏ కంపెనీ భయపెడుతుంది చెప్పండి?

---

సందేహాలరావు

ఈ "స్వతంత్ర కళాకారుల" కథలంటే నాకు కాస్త ఎలర్జీ. అందరూ ఒకేలా చెబుతారు. కంపెనీ రాక్షసి, కళాకారుడు మహాత్ముడు. పెద్ద కంపెనీకి సంతకం పెట్టి గొప్ప పాటలు చేసినవాళ్లు లేరా? సంతకం పెట్టకుండా ఎవరికీ తెలియకుండా పోయినవాళ్లు ఎన్ని వేలమంది? మనకి కనిపించేది గెలిచిన ఒక్క మనిషే. లాటరీ తగిలినవాణ్ణి పిలిచి టికెట్ ఎక్కడ కొన్నావని అడిగినట్టుంది ఈ థ్రెడ్.

---

లెక్కలమాస్టారు

రావుగారూ, మీ మాటలో సగం ఒప్పుకుంటాను. మిగతా సగానికి లెక్క చెప్తాను.

పెద్ద లేబుల్‌తో ఒప్పందం అంటే ఏమిటి? ముందు కొంత అడ్వాన్స్ ఇస్తారు. అది బహుమతి కాదు, అప్పు లాంటిది. తీర్చేది మాత్రం మీ జేబులోంచి కాదు, మీ వాటా రాయల్టీలోంచి. రికార్డింగ్ ఖర్చు, వీడియోలో కొంత, టూర్ సాయం, అన్నీ మీ ఖాతాలోనే రాస్తారు. ఆ మొత్తం తీరేదాకా అమ్మకాల మీద మీకు పైసా రాదు. ఇక్కడే ఇంకో తమాషా. ఇల్లు కొనడానికి అప్పు చేస్తే, తీరాక ఇల్లు మీదవుతుంది. ఇక్కడ అప్పు తీరినా మాస్టర్ రికార్డింగ్, అంటే కాపీలన్నిటికీ మూలమైన అసలు రికార్డింగ్, కంపెనీదే.

డిఫ్రాంకో చేసింది దీనికి తలకిందులు. అప్పు చిన్నది, ఆస్తి తనది. పెద్ద స్టూడియో హంగులేమీ లేవు, ఒక గొంతు, ఒక గిటార్. క్యాసెట్లు వేయించి కచేరీ అయ్యాక కారు డిక్కీ తెరిచి అమ్మింది. అందువల్ల అమ్ముడయ్యేవి తక్కువే అయినా, మిగిలిందంతా ఆవిడదే. ఆ డబ్బుతో తర్వాతి ఆల్బమ్. 1990 తర్వాత దాదాపు ఏడాదికొకటి చొప్పున ఎందుకొచ్చాయో అర్థమైందా? పొలం పండితే విత్తనం దాచుకున్నట్టు.

ఇది లాటరీ కాదండీ, చిల్లరకొట్టు. లాటరీ టికెట్ కొన్నది సంతకం పెట్టినవాడే.

---

సందేహాలరావు

"చిల్లరకొట్టు" బాగుంది, ఒప్పుకున్నా. కానీ కొట్టుకి జనం రావాలి కదా. రేడియోలో రాకుండా, టీవీలో కనిపించకుండా ఎలా వచ్చారు?

---

నీలిమేఘం

కాలేజీలు. జానపద సంగీత ఉత్సవాలు. ఆడవాళ్లు నడుపుకునే పుస్తకాల షాపులు. ఆవిడ తనే కారు నడుపుకుంటూ ఊరూరా తిరిగింది. ఒక అమ్మాయి క్యాసెట్ కొంటే హాస్టల్లో పదిమంది కాపీ చేసుకునేవాళ్లు. పెద్ద కంపెనీ అయితే ఇది దొంగతనం అని గోల పెట్టేది. ఈవిడకి అదే ప్రచారం. మళ్లీ ఏడాది అదే కాలేజీకి వెళ్తే హాలు నిండేది.

నాకు ఆవిడ పాటలు పరిచయమైంది కూడా అలాంటి కాపీ క్యాసెట్ మీదే. అమెరికాలో చదువుతున్నప్పుడు రూమ్మేట్ ఇచ్చింది. అట్ట లేదు, బాల్‌పెన్నుతో పేరు గీసి ఉంది. మొదటి పాటకి భయపడ్డాను, అంత దగ్గరగా ఎవరో మాట్లాడుతున్నట్టు అనిపించి.

---

బఫెలోబాబాయి

నాయనా, నేను బఫెలోలో పాతికేళ్లకు పైగా ఉంటున్నాను. సంగీత జ్ఞానం సున్నా. మా అమ్మాయి పుణ్యమా అని ఈవిడ గురించి తెలుసు. ఊరి సంగతులు చెప్పమంటే చెప్తాను.

లేబుల్ పేరు మొదట "రైచస్ రికార్డ్స్". 1994లో "రైచస్ బేబ్ రికార్డ్స్" చేసింది. కచేరీకి రాలేనివాళ్లు ఆల్బమ్ కొనుక్కోవాలంటే టోల్‌ఫ్రీ నంబర్ ఒకటి ఉండేది. 1-800 తర్వాత అంకెలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ఫోను మీద ఇంగ్లీషు అక్షరాలు నొక్కితే చాలు. ఆ అక్షరాలు కలిపి చదివితే "ఆన్ హర్ ఓన్" అని వస్తుంది, అంటే తన కాళ్ల మీద తను. నంబర్‌కి ఏడు అంకెలే కావాలి, ఈ మాటకి ఎనిమిది అక్షరాలున్నాయి. చివరిది ఉత్తినే, నొక్కినా ఏం కాదు. మా అమ్మాయి ఇది కనిపెట్టి వారం రోజులు అందరికీ చెప్పింది. 2024లో ఆవిడ మీద డానా ఫ్లోర్ తీసిన డాక్యుమెంటరీకి ఈ నంబరే పేరు.

ఇంకో సంగతి. అప్పటికి బఫెలో అంటే మూతపడ్డ ఉక్కు మిల్లుల ఊరు. పనులు పోయి జనం వెళ్లిపోతున్న చోటు. పేరు రాగానే ఈవిడ ఆఫీసుని న్యూయార్క్ నగరానికి మార్చేయొచ్చు. మార్చలేదు. అట్టలు అచ్చు వేయించినా, టీషర్టులు వేయించినా ఇక్కడివాళ్ల చేతే. స్కాట్ ఫిషర్ అనే మేనేజర్ ఏళ్ల తరబడి ఇక్కడే కూర్చుని లేబుల్ నడిపాడు.

డెలావేర్ ఎవెన్యూ మీద 1870ల నాటి రాతి చర్చి ఒకటి పాడుబడి ఉండేది. కూలగొట్టాలన్నారు. వీళ్లు పట్టుకుని బాగుచేయించి, కచేరీ హాలు చేసి, లేబుల్ ఆఫీసు కూడా అందులోనే పెట్టారు. ఇప్పుడు దాన్ని బేబ్‌విల్ అంటారు. నేను రెండుసార్లు వెళ్లాను. పాటలు అర్థం కాలేదు, పైకప్పు మాత్రం అద్భుతం.

---

లెక్కలమాస్టారు

బాబాయిగారూ, మీరు ఉత్తినే అన్నట్టు చెప్పిన "స్కాట్ ఫిషర్" దగ్గరే అసలు కీలకం ఉంది. తీగలమోత గారు ఇది గమనించాలి.

స్వతంత్రం అంటే ఒంటరిగా అని కాదు. ఫోనెత్తేవాళ్లు, పార్సెల్ కట్టేవాళ్లు, హాళ్లతో బేరమాడేవాళ్లు, పన్నులు కట్టేవాళ్లు ఉండాలి. ఆ నంబర్ "తన కాళ్ల మీద తను" అంటుంది గానీ అవతల ఫోనెత్తింది ఆవిడ కాదుగా! ఆవిడ కంపెనీని వద్దనలేదు. కంపెనీని తన కింద పెట్టుకుంది. తేడా అదొక్కటే. చాలా పెద్ద తేడా.

1997లో ఇంకో తమాషా జరిగింది. ఆల్బమ్‌కి ఆవిడకి మిగిలేది, పెద్ద లేబుల్‌లో ఉన్న ఓ పేరున్న బ్యాండ్‌కి మిగిలేదానికంటే చాలా ఎక్కువని పత్రికలు లెక్కలు వేశాయి. "మిస్" అనే స్త్రీవాద పత్రిక కూడా ఆ లెక్కతోనే ఆవిడని మెచ్చుకుంది. ఆవిడ మురిసిపోకుండా, ఆ పత్రిక సంపాదకులకి బహిరంగ లేఖ రాసింది. నా పాటల గురించి మాట్లాడకుండా నా డాలర్ల గురించి మాట్లాడతారేంటన్నది సారాంశం. వృత్తిరీత్యా డాలర్ల గురించే మాట్లాడేవాణ్ణి కాబట్టి ఆ లేఖ చదివినప్పుడు నాకే తగిలినట్టు అనిపించింది.

---

తీగలమోత

మాస్టారూ, "కంపెనీని తన కింద పెట్టుకుంది" అన్న మాట చదివాక ఒప్పందం ఇంకోసారి తెరిచాను. తొమ్మిదో క్లాజులో, నేను తర్వాత రాసే పాటలు కూడా ముందు వాళ్లకే చూపించాలని ఉంది. ఇందాక నా కంటికి ఆనలేదు.

సరే, గిటార్ గురించి ఎవరూ మాట్లాడటం లేదేంటి? వీడియోలు చూశాను. ఒక్క గిటార్‌లోంచి డ్రమ్ము, బేసు, అన్నీ వినిపిస్తున్నాయి. ఏం చేస్తోంది ఆవిడ?

---

శ్రుతిమించిన

హమ్మయ్య, ఎవరో ఒకరు అడిగారు! దీనికోసమే లాగిన్ అయ్యాను.

ఒంటరిగా బార్లో పాడేవాళ్ల కష్టం ఏంటంటే, జనం తాగుతూ మాట్లాడుకుంటుంటారు. మెల్లగా మీటితే ఎవడూ వినడు. ఆవిడ వాయింపు ఆ గోల మధ్యే పుట్టింది. కుడిచేతి బొటనవేలు మందపాటి తీగల మీద బేసు నడుపుతుంది. మిగతా వేళ్లు తీగని మీటవు, కిందనుంచి పట్టి లాగి వదులుతాయి. తీగ వెళ్లి ఫ్రెట్‌కి (గిటార్ మెడ మీది లోహపు మెట్టుకి) టప్‌మని కొట్టుకుంటుంది. మధ్యమధ్యలో అరచేత్తో తీగల మీద చరుస్తుంది, వెంటనే నొక్కేసి ధ్వనిని తుంచేస్తుంది. ఆ తుంచడంలోనే ఉంది అంతా. మోగించడం ఎవరైనా నేర్చుకుంటారు, సరిగ్గా సగం అక్షరం దగ్గర ఆపడం కష్టం. మృదంగం నేర్చుకున్నవాళ్లకి ఈ మాట తేలిగ్గా అర్థమవుతుంది.

అంత గట్టిగా లాగితే సొంత గోళ్లు నిలవ్వు. అందుకని ఆవిడ బ్యూటీ షాపుల్లో దొరికే అతికించుకునే యాక్రిలిక్ గోళ్లు పెట్టుకుని, ఊడిపోకుండా వాటి మీద ఎలక్ట్రికల్ టేప్ చుట్టేది. అవునండీ, కరెంటు వైర్లకి చుట్టే టేపే. పాత ఫోటోల్లో వేళ్ల చివర చూడండి.

రెండోది ట్యూనింగ్, అంటే తీగల శ్రుతి. గిటార్ మామూలుగా ఇ, ఎ, డి, జి, బి, ఇ అని ఉంటుంది కదా. ఆవిడ పాట పాటకీ మార్చేస్తుంది. తీగల్ని వదులు చేస్తే బేసు ఇంకా కిందకి దిగుతుంది, వేలు పెట్టకుండా వదిలేసిన తీగలు తంబూరాలాగా శ్రుతి పట్టుకుని మోగుతుంటాయి. మీకు ప్రయత్నించాలనుంటే ముందు డి, ఎ, డి, జి, ఎ, డి తో మొదలుపెట్టండి. మూడు తీగలు మారిస్తే చాలు. వచ్చిన కార్డులన్నీ (కలిపి మోగించే స్వరాల గుంపులు) మర్చిపోయినట్టు ఉంటుంది, భయపడకండి. అదే మంచిది, చేతికి అలవాటైన దారులు మూసేస్తే కొత్తవి వెతుక్కుంటుంది.

---

సందేహాలరావు

గోళ్లకి ఎలక్ట్రికల్ టేపా! ఇది మాత్రం నిజంగా కొత్త సంగతి. ఆ చేతులు ఇన్నేళ్లు ఎలా తట్టుకున్నాయి?

---

శ్రుతిమించిన

తట్టుకోలేదు. 2005 జులైలో స్నాయువుల వాపు, టెండనైటిస్ అంటారే, అది వచ్చి ఆవిడ తొమ్మిది నెలలు టూర్లు ఆపేసింది. పదిహేనేళ్లు ఆపకుండా రోడ్డు మీద ఉన్న మనిషి. అదే ఏడాది ఆగస్టులో ఆవిడ ఆల్బమ్ పని చేసుకుంటున్న న్యూ ఆర్లీన్స్‌ని కత్రీనా తుపాను ముంచేసింది. రికార్డింగ్ మధ్యలో ఆగిపోయింది. ఆ ఆల్బమ్ 2006లో వచ్చింది. విని చూడండి, గిటార్ మునుపటిలా చరిచినట్టు ఉండదు. చోటు వదిలి వదిలి మోగుతుంది.

దీని గురించి ఎక్కువ రాస్తున్నానేమో గానీ, నాకూ ఈ అనుభవం ఉంది. మణికట్టు నొప్పి మొదలైనప్పుడు రెండు నెలలు దాచిపెట్టాను. ఇంట్లోవాళ్లకి కూడా చెప్పలేదు. ఉద్యోగస్తుడికైతే సిక్ లీవ్ ఉంటుంది. సొంతంగా పాడుకునేవాళ్లకి చెయ్యి పడకేస్తే ఆ నెల ఆదాయం సున్నా, పైగా ఒప్పుకున్న కచేరీల అడ్వాన్సులు వెనక్కివ్వాలి. ఆవిడ తొమ్మిది నెలలు ఆగగలిగిందంటే పాత ఆల్బమ్‌ల హక్కులు చేతిలో ఉండటం వల్ల కూడా. ఆవిడ కూర్చున్నా అవి అమ్ముడవుతూనే ఉంటాయి కదా. మాస్టారు చెప్పిన "ఆస్తి తనది" అన్నది నాకు ఇక్కడ అర్థమైంది.

తీగలమోత గారూ, 20 నిమిషాలకోసారి చెయ్యి దించండి. నొప్పి వచ్చాక కాదు, ముందే.

---

మోడరేటర్

ఎక్కువమంది అడుగుతున్నారు కాబట్టి: ఆడియో లింకులు ఈ విభాగంలో పెట్టకండి, తొలగించాల్సి వస్తుంది. చర్చ బాగా నడుస్తోంది, కొనసాగించండి.

---

నీలిమేఘం

అందరూ కంపెనీ గురించే మాట్లాడుతున్నారు. నేను అభిమానుల గురించి మాట్లాడతాను, ఎందుకంటే ఆ తప్పు చేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

మొదట్లో ఆవిడ గుండు చేయించుకుని, బూట్లు వేసుకుని, ఆడవాళ్లనీ మగవాళ్లనీ కూడా ప్రేమిస్తానని పాటల్లోనే చెప్పేసింది. ఆ రోజుల్లో అలా చెప్పిన గొంతులు తక్కువ. అందుకే ఆడపిల్లలు, ముఖ్యంగా ఎవరికీ చెప్పుకోలేని అమ్మాయిలు, ఆవిడని తమ మనిషి అనుకున్నారు. తర్వాత జుట్టు పెంచితే కోపం. గౌను వేసుకుంటే కోపం. 1998లో తన సౌండ్ ఇంజనీర్‌ని పెళ్లి చేసుకుంటే "మోసం చేసింది" అన్నారు. నేనూ అన్నాను, 22 ఏళ్ల పొగరుతో. కంపెనీ అయితే ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. అభిమానులతో ఒప్పందం కాగితం మీద ఉండదు కాబట్టి రద్దు కూడా కాదు.

అదే ఏడాది వచ్చిన ఆల్బమ్ అమెరికా ఆల్బమ్‌ల బిల్‌బోర్డ్ పట్టికలో 22వ స్థానంలో మొదలైంది. సొంత లేబుల్‌కి అది చాలా పెద్ద సంగతి. అంతకు ముందు 1997లో వచ్చిన రెండు డిస్కుల లైవ్ ఆల్బమ్‌కి అమ్మకాలకిచ్చే గోల్డ్ సర్టిఫికెట్ వచ్చింది. నన్నడిగితే కొత్తగా వినేవాళ్లు ఆ లైవ్ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి. స్టూడియో రికార్డింగుల్లో ఆవిడ సగమే దొరుకుతుంది. పాటకీ పాటకీ మధ్య ఆ నవ్వు, ఆ తడబాటు, తీగ సరిచేసుకుంటూ చెప్పే కబుర్లు, అవీ సంగీతమే.

---

బఫెలోబాబాయి

మరి గ్రామీ రాలేదా అమ్మా? మా ఊళ్లో వచ్చిందని చెప్పుకుంటారు.

---

నీలిమేఘం

వచ్చింది బాబాయ్, కానీ పాటకి కాదు, అట్టకి! చాలాసార్లు నామినేట్ అయింది గానీ, 2004లో గెలిచింది మాత్రం "ఇవాల్వ్" ఆల్బమ్ ప్యాకేజింగ్‌కి. బ్రయన్ గ్రూనర్ట్ అనే డిజైనర్‌తో కలిసి చేసింది. అట్టలు కూడా తనే గీసుకునే మనిషి కాబట్టి అదీ ఒక రకంగా న్యాయమే అనుకోండి.

---

సందేహాలరావు

ఇంతసేపూ పొగడ్తలే. 2013 సంగతి ఎవరూ ఎత్తరేం?

తెలియనివాళ్లకి: ఆవిడ పాటల రచన మీద ఒక శిబిరం పెడతానని ప్రకటించింది. ఎక్కడ? లూసియానాలో నాటోవే అనే చోట. అది ఒకప్పుడు బానిసలతో పని చేయించిన చెరకుతోట బంగళా. జీవితమంతా న్యాయం గురించి పాడిన మనిషికి ఆ చోటు గురించి ఆలోచన రాలేదా? నల్లజాతి శ్రోతలు మండిపడ్డారు, సహజమే. శిబిరం రద్దు చేస్తూ రాసిన మొదటి వివరణ సంజాయిషీలా ఉంది తప్ప క్షమాపణలా లేదు. దాంతో ఇంకా మంట. కొద్దిరోజులకి 2014 జనవరి మొదట్లో సూటిగా క్షమాపణ చెప్పింది.

---

నీలిమేఘం

ఎత్తకూడదని కాదు, ఎలా చెప్పాలో తెలియక ఆగాను. మీరు చెప్పింది నిజమే. ఆ మొదటి వివరణ చదివి నాకు ఏడుపొచ్చింది. "చోటు నేను ఎంచుకోలేదు" అన్న ధోరణి ఉంది అందులో.

---

లెక్కలమాస్టారు

దీన్ని పాలనా కోణంలో కూడా చూడొచ్చు (ఆవిడ తప్పు తగ్గించడానికి కాదు). పెద్ద కంపెనీలో ఇలాంటి ప్రకటన బయటికి వెళ్లేలోపు నలుగురు చూస్తారు. పిరికితనంతో చూసినా సరే, చూస్తారు. సొంత లేబుల్‌లో యజమానికి "ఇది కుదరదండీ" అని చెప్పేవాళ్లు ఉండాలి. యజమాని మీద అభిమానంతో పనిచేసేవాళ్లకి ఆ మాట నోట్లోంచి రావడం కష్టం. వద్దనేవాళ్లు లేకపోవడం పాటకి మంచిది, ఆఫీసుకి కాదు.

---

సందేహాలరావు

ఈ మాటకి మాస్టారికి దండం. ఇక నా పాత ప్రశ్నకి రండి. అది 90ల నాటి కథ. అప్పట్లో సీడీ కొనేవాళ్లున్నారు. ఇప్పుడు ఒక్కో ప్లేకి సెంటులో చిన్న ముక్క వస్తుంది. ఇవాళ ఇరవై ఏళ్ల అమ్మాయి అదే చేస్తే?

---

లెక్కలమాస్టారు

అదే చేస్తే అదే ఫలితం రాదు, ఒప్పుకుంటున్నా. కారు డిక్కీలో క్యాసెట్ అమ్మితే డబ్బు ఆ రాత్రే చేతికొచ్చేది. స్ట్రీమింగ్‌లో నెలల తర్వాత, ఎవరు విన్నారో కూడా తెలియకుండా వస్తుంది. ఆవిడకి కచేరీకి వచ్చినవాళ్ల చిరునామాల జాబితా ఉండేది, ఇప్పుడు ఆ జాబితా యాప్ వాళ్ల దగ్గరుంది. అయితే రికార్డింగ్ ఖర్చు అప్పటితో పోలిస్తే బాగా పడిపోయింది. గదిలో కూర్చుని చేసేయొచ్చు. మారనిది ఒకటే, మాస్టర్ ఎవరి పేరు మీద ఉందన్నది.

పాప్ స్టార్ ప్రిన్స్ అంతటివాడు 90ల్లో తన కంపెనీతో గొడవపడి చెంప మీద "బానిస" అని రాసుకుని తిరిగాడు. పాటలు తనవి, రికార్డింగులు తనవి కావు, అందుకు. ఆయన, ఈవిడ 1999లో ఒకరి ఆల్బమ్‌లో ఒకరు పాలుపంచుకున్నారు. ఒకరు లోపలినుంచి బయటపడినవారు, ఒకరు లోపలికే పోనివారు.

---

శ్రుతిమించిన

ఇంకో సంగతి చెప్పకపోతే థ్రెడ్ సగమే. ఆ లేబుల్ ఆవిడ ఒక్కరి కోసమే కాదు. ఆండ్రూ బర్డ్ అనే గాయకుడి ఆల్బమ్‌లు కొన్ని అక్కడివే. 2010లో అనైస్ మిచెల్ అనే గాయని ఒక గ్రీకు పురాణగాథని పాటల ఆల్బమ్‌గా చేస్తే, "హేడ్స్‌టౌన్" పేరుతో వేసింది రైచస్ బేబ్. పాతాళరాజు భార్య పెర్సెఫొనీ పాటలు ఆనీ పాడింది. అదే గాథ నాటకమై 2019లో బ్రాడ్‌వేకి (న్యూయార్క్‌లోని పెద్ద నాటకరంగం) వెళ్లి ఎనిమిది టోనీ నాటక అవార్డులు తెచ్చుకుంది.

2024లో ఆనీని అదే పాత్రకి బ్రాడ్‌వే స్టేజీ మీదకి పిలిచారు. 53 ఏళ్ల వయసులో. అంటే జీవితంలో మొదటిసారి ఇంకొకరి డైలాగు, ఇంకొకరి అడుగులు, వారానికి ఎనిమిది ఆటలు, గిటార్ లేకుండా! ఫిబ్రవరి నుంచి జూన్ దాకా చేసింది. అదే ఏడాది వచ్చిన ఆల్బమ్‌కి కూడా బీజే బర్టన్ అనే బయటి నిర్మాతని పెట్టుకుంది. చాలావరకు అన్నీ తనే చేసుకునే మనిషి, 2004లో ఒక ఆల్బమ్‌కి వాయిద్యాలన్నీ తనే వాయించి, తనే రికార్డు చేసిన మనిషి, ఇప్పుడు పగ్గాలు ఇంకొకరి చేతికి ఇస్తోంది. నాకు ఇది ఓటమిలా అనిపించలేదు. చెయ్యి నొప్పి తెలిసినదాన్ని కదా.

---

బఫెలోబాబాయి

చాలా ఏళ్లుగా ఆవిడ మకాం న్యూ ఆర్లీన్సే. మా ఊరివాళ్లు మాత్రం ఇంకా "మా అమ్మాయి" అనే అంటారు. చర్చి అక్కడే ఉంది, ఆఫీసూ అక్కడే ఉంది. వేసవిలో ఎవరైనా ఇటొస్తే చూపిస్తాను. చలికాలంలో రాకండి, మీరు తట్టుకోలేరు.

---

తీగలమోత

అందరికీ థాంక్స్. వారం తర్వాత వస్తున్నాను, క్షమించాలి.

వాళ్లకి ఫోన్ చేశాను. తొమ్మిదో క్లాజు తీసేస్తారా అంటే, "ఇది మామూలు ఒప్పందమండీ, అందరూ పెడతారు" అన్నారు. "శాశ్వతంగా" బదులు ఏడేళ్లు పెట్టమని అడిగాను. మాస్టారు మెసేజ్‌లో చెప్పినట్టే, ఏడేళ్ల తర్వాత మాస్టర్లు నాకు తిరిగి రావాలని కూడా రాయమన్నాను. ఫోన్లో కాసేపు ఏ శబ్దమూ లేదు. కనుక్కుని చెప్తామన్నారు. ఇంకా చెప్పలేదు.

ఈలోగా డి, ఎ, డి, జి, ఎ, డి పెట్టాను. నిజంగానే అన్నీ మర్చిపోయాను. రెండో రోజు ఒక పాట వచ్చింది, ఆ అయిదింటిలో లేనిది. అది వాళ్లకి చూపించలేదు.

శ్రుతిమించిన గారూ, ఒక్క డౌటు. ఆ టేపు గోరు మీద ఒక్క చుట్టేనా, రెండా? నిన్న రెండు చుడితే తీగ తగులుతున్నట్టే తెలియలేదు.

---

శ్రుతిమించిన

ఒక్క చుట్టు. గోరు కొన బయటికి కనిపించాలి. విప్పేటప్పుడు లాగేయకండి, గోరుతో పాటు చర్మం కూడా వచ్చేస్తుంది. గోరువెచ్చని నీళ్లలో కాసేపు నానబెట్టి అప్పుడు తీయండి.